పరుగుకు కండబలం తోడు కావాలి

పల్నాడు పల్లెల్లో తెల్లవారకముందే సాగర్ కుడి కాలువ గట్లపై యువకులు పరుగు తీస్తున్నారు. కొందరికి ఆరోగ్యం ముఖ్యం, కొందరికి పోలీసు ఉద్యోగం. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ ఎంపికకు పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలని నిబంధన పెట్టారు. యువకుల ఉత్సాహం మెచ్చదగినదే. కాని పరుగొక్కటే చాలుననుకోవడం పొరపాటు.

పరుగులో అడుగు నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలిపై పడుతుంది. కండ దాన్ని మోయలేకపోతే మోకాళ్లలో, కాలి ఎముకల్లో నొప్పి పుడుతుంది. నెల తిరక్కముందే పరుగు మూలపడుతుంది.

ఇందుకు పట్నంలో జిమ్ముకు డబ్బు పోయనక్కరలేదు. వెనుకటి తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలే ఇంటి వద్ద చాలు. వారానికి రెండు రోజులు, పదేసి చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టాలి. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించితే పిక్కలు గట్టిపడతాయి. అలవాటయ్యాక ఇసుక సంచి భుజాన వేసుకోవచ్చు. నొప్పి తెలిస్తే ఆపాలి.

పొలం పని చేసేవారికి ఇదెందుకని కొందరంటారు. మిరపకాయల కోతకు నడుము వంగుతుంది గాని, పరుగుకు కావలసిన తొడ బలం దానివల్ల రాదు. పెద్దలంతా వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆడపిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఊరి బడి ఆవరణలో సాయంత్రం ఒక గంట ఇందుకు కేటాయిస్తే ఖర్చు లేకుండా మేలు జరుగుతుంది. గ్రామ పెద్దలు ఆలోచించాలి.