బొగ్గుకు తోడు కట్టె: గిట్టుబాటు ఎవరికి?

చెనిక్కాయ పెరికిన పొలంలో వృథాగా మిగిలేది ఏమైనా ఉన్నదా? చింతామణి, బాగేపల్లి తాలూకాల రైతును ఈ మాట అడిగితే నవ్వుతాడు. కాయ మండీకి పోతుంది. కట్టెను వామి వేసి వేసవిలో పశువులకు మేపుతారు. పొట్టు మిల్లులలోనో బట్టీలలోనో మంటకు పనికివస్తుంది. కందికంప, ఆకు దూసిన మల్బరీ పుల్లలు ఇంటి పొయ్యిని వెలిగిస్తాయి. రాగిగడ్డి సంగతి చెప్పనే అక్కరలేదు. అయినప్పటికీ ఢిల్లీలో తయారయ్యే విధానపత్రాల భాషలో ఇవన్నీ వ్యవసాయ వ్యర్థాలే. ఆ వ్యర్థాలను బొగ్గుతో కలిపి మండించి విద్యుత్తు తీయాలన్న నిబంధన వచ్చి కొన్నేళ్ళయింది. అది సరిహద్దు గ్రామాలకు తెచ్చేదేమిటో, తీసుకుపోయేదేమిటో లెక్క చూడవలసి ఉన్నది.

ఎన్‌టీపీసీ సంస్థ 2017లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ కేంద్రంలో ఈ ప్రయోగం ఆరంభించింది. పంజాబు, హర్యానాలలో కోత అయ్యాక వరి దుబ్బులకు నిప్పు పెట్టడం, ఆ పొగ ఢిల్లీని కమ్ముకోవడం దానికి ప్రధాన కారణం. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాలలో 5 శాతం జీవ ఇంధనం కలపడాన్ని తప్పనిసరి చేసింది. 2023 జూన్ సవరణలో 2024-25 నుండి 5 శాతం, 2025-26 నుండి 7 శాతం అని గడువులు నిర్ణయించింది. అంటే పంజాబు పొగకు వెతికిన మందును దేశమంతటికీ పంచిపెట్టారు. సమస్య లేనిచోట మందు ఏం చేస్తుందన్నదే ప్రశ్న.

ఇందులోని శాస్త్రం కష్టమైనది కాదు. పచ్చికట్టెలో తేమ ఎక్కువ, నార ఎక్కువ. బొగ్గును పిండి చేసే మరలో అది నలగదు. అందుకే ఎండబెట్టి, పొడి చేసి, ఒత్తిడితో గుళికలుగా మారుస్తారు. వీటినే పెల్లెట్లు అంటున్నారు. ఇంకొక అడుగు ముందుకు వేసి, గాలి తగలకుండా 250 నుండి 300 డిగ్రీల వరకు వేడి చేస్తే కట్టె నల్లబడి, పెళుసుబారి, బొగ్గు లక్షణాలు సంతరించుకుంటుంది. సర్కారు తుమ్మ మొద్దులను మన్ను కప్పి కాల్చి బొగ్గు చేసే మన సీమవారికి ఇది మరీ కొత్త విద్యేమీ కాదు. ఒక మేలు మాత్రం ఒప్పుకోవలసిందే. మన దేశపు బొగ్గులో బూడిద తరచుగా 30 శాతం దాటుతుంది. కట్టెలో అది చాలా తక్కువ. గడ్డితో చిక్కు వేరు. అందులోని పొటాషియం, క్లోరిన్ బాయిలరు గొట్టాలకు పట్టుకుని వాటిని పాడుచేస్తాయి.

ఇక లెక్క. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలనుకుందాం. 210 మెగావాట్ల ఒక్క యంత్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 3,500 టన్నులు. అందులో 5 శాతమంటే 175 టన్నులు. పది టన్నుల లారీలు పదిహేడు పద్దెనిమిది. ఆ బరువంతా చెనిక్కాయ పొట్టే కావాలంటే రోజుకు 600 టన్నుల కాయ ఒలవాలి. రాయచూరులో 210 మెగావాట్ల యంత్రాలు ఏడున్నాయి, ముద్దనూరు దగ్గరి రాయలసీమ కేంద్రంలో ఐదున్నాయి. చినుకు సరిగా పడని ఏడు కాయే లేక మిల్లులు మూతపడే ప్రాంతమిది. ఇంత ఆకలిని ఏ పొట్టు తీర్చగలదు?

చింతామణికి చేరువలో బొగ్గు కేంద్రం లేదన్నది మరొక మాట. మదనపల్లె, కదిరి, పులివెందుల దాటి ముద్దనూరుకు పోవాలి. లేదంటే బళ్ళారికో రాయచూరుకో చేర్చాలి. తేలికైన సరుకును అంత దూరం మోస్తే డీజిలు ఖర్చు రైతు ధరలోనే కోతపడుతుంది. పెల్లెట్ల యూనిట్లకు సాయం మాటా అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022లో ప్రకటించిన పథకం ఉత్తరాది వరిగడ్డిని ఉద్దేశించినది. దాన్ని చూపి మన పక్క ఎవరైనా సబ్సిడీ ఖాయమని చెప్పి అప్పుకు సంతకం అడిగితే, ఏ ఉత్తర్వు, ఏ తేదీ అని అడగడంలో తప్పులేదు.

అసలు భయం గడ్డి గురించి కాదు, చెట్టు గురించి. నిబంధనలో “ప్రధానంగా” పంట అవశేషాలతో చేసిన పెల్లెట్లు అని ఉన్నది. ఆ ఒక్క మాటలో ఎంత కలప పట్టగలదో ఊహించుకోవచ్చు. కోలారు సీమకు ఈ కథ తెలుసు. 1980 దశకంలో సామాజిక అడవుల పేరిట రాగి పండిన చేలలో నీలగిరి నాటారు. కలప గుజ్జు మిల్లులకు పోయింది. కూలికి పని తగ్గింది. బావులు అడుగంటడానికి ఆ చెట్టూ ఒక కారణమని పల్లెలు నమ్మాయి. చివరకు 2017లో కర్ణాటక ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. బొగ్గు కేంద్రాలు కలపకు మంచి ధర చూపితే ఆ నిషేధంపై ఒత్తిడి రాకపోదు. బ్రిటన్‌లోని డ్రాక్స్ కేంద్రం మొదట బొగ్గులో కొంత కట్టె కలిపింది. 2013, 2018 నడుమ ఆరింటిలో నాలుగు యంత్రాలను పూర్తిగా కలప గుళికలకు మార్చింది. ఆ గుళికలు అమెరికా, కెనడాల నుండి ఓడలలో వస్తాయి. చెట్టు మళ్ళీ పెరిగి పొగను పీల్చుకుంటుందన్న వాదం నిజమే. కానీ మంట క్షణంలో అయిపోతుంది, చెట్టుకు ఏళ్ళు పడుతుంది.

మనకు నిజంగా మిగులు ఉన్నది సర్కారు తుమ్మ ఒక్కటే. కన్నడంలో దాన్నే బళ్ళారి జాలి అంటారు. చెరువుల కట్టలను, బీళ్ళను ఆక్రమించిన దాన్ని కొట్టి అమ్మితే అభ్యంతరం చెప్పేవారు తక్కువ. అది కూడా రాయచూరు దాకా ఎందుకు పోవాలి? శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు ఉడికించే బాయిలర్లకు రోజూ కట్టె కావాలి. దగ్గర ఊరి పొయ్యికి దగ్గర ఊరి కంప చాలు. బాగేపల్లి కూలి సంఘం 2005లో ఐక్యరాజ్యసమితి వద్ద నమోదు చేసిన 5,500 గోబర్ గ్యాస్ పొయ్యిల పథకం ఈ దారిలోదే. అందులో కర్బన పొదుపును లెక్కగట్టింది ఇంటి వంటగదిలో, విద్యుత్ కేంద్రపు చిమ్నీ దగ్గర కాదు.

పొట్టుకు గిరాకీ పెరిగితే అమ్మేవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కాని అదే పొట్టును, అదే కట్టెను కొనుక్కునేవారూ ఇదే ఊళ్ళలో ఉన్నారు. చైత్రం దాటాక పశువుల మేత ధర ఎలా ఉంటుందో, చేను లేని పాడి కుటుంబాలకే బాగా తెలుసు. పెల్లెట్లకు ధర నిర్ణయించే కాగితాలలో వారి పేరు ఎక్కడా కనిపించదు.