మానిటర్ పోతే కంప్యూటర్ పోయినట్టేనా?

"పాత కంప్యూటర్ అండీ, దానికి మానిటర్ లేదు, పారేద్దాం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి లాగులు తిరగేసే మనవాళ్ళ నోటే వింటే ఇంకా మండుతుంది. కళ్ళజోడు పగిలిందని మనిషిని కాటికి పంపిస్తామా?

సంగతేంటంటే, కోనసీమలో మా ఊరి పక్క హైస్కూల్లో రెండు బీబీసీ మైక్రోలు ఉన్నాయి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో మొదలెట్టిన పథకంలో బడులకిచ్చినవి ఇవే. 1993-94 నుంచి పీసీలు రావడంతో ఇవి బీరువాల పైకెక్కాయి. ఇప్పుడు డెడ్‌స్టాక్ రిజిస్టర్లో కొట్టేసి కాటాకి వేసేస్తారట. హెడ్మాస్టారిని నేనేమీ అనను. ఆయనకి "దాని మానిటర్ ఎక్కడా దొరకదు సార్" అని చెప్పింది మన ఐటీ కుర్రాడే. (నా స్నేహితుడే. చదువుతాడు, చదవనీ.)

ఒరే అబ్బాయ్, 'దాని' మానిటర్ ఏంట్రా? బ్రిటన్ బడుల్లో కూడా దీని పక్కన కనబడింది ఎక్కువగా మైక్రోవిటెక్ అనే వేరే కంపెనీ మానిటరే. ఏ టీవీకైనా తగిలించుకోమనే కదా వెనకాల మూడు రకాల సాకెట్లు పెట్టారు! అందులో బీఎన్‌సీ సాకెట్ నీకు తెలియనిదా? రాజమండ్రిలో సీసీ కెమెరాలు బిగించే ఏ షాపులో అడిగినా బీఎన్‌సీ నుంచి ఆర్‌సీఏకి మార్చే ముక్క ఇస్తారు. టీవీ ఏవీ ఇన్‌పుట్‌లో, ఆ పసుపుదాంట్లో గుచ్చితే బొమ్మ వస్తుంది. నలుపు-తెలుపే అనుకో, అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

రంగులు కావాలంటే కాస్త పనుంది. ఆరు పిన్నుల డిన్ సాకెట్లో ఆర్‌జీబీ వస్తుంది, కానీ టీటీఎల్ స్థాయిలో. టీవీ అడిగేది 0.7 వోల్టులు, కాబట్టి మధ్యలో రెసిస్టర్లు పడాలి. వీజీఏ మానిటర్‌కి నేరుగా తీగలు కలిపితే లాభం లేదు. ఇది పంపేది 15.625 కిలోహెర్ట్జ్, వీజీఏకి కావాల్సింది 31.5. దానికీ మందుంది. రాస్ప్‌బెర్రీ పై జీరోతో హెచ్‌డీఎంఐకి మార్చే డిజైన్ ఒకటి ఎవరైనా చేసుకునేలా బయటే ఉంది. అన్నట్టు ఆ పై లో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ పుట్టింది ఈ మైక్రోని చేసిన ఏకార్న్ కంపెనీలోనే. సోఫీ విల్సన్ ఆ ఆదేశాలన్నీ ముందు బీబీసీ బేసిక్‌లో నడిపి చూశారు. మనవడొచ్చి తాతకి కళ్ళజోడు పెట్టినట్టన్నమాట :)

"ఎమ్యులేటర్ ఉందిగా" అంటారు ఇంకొందరు. ఉంది, బ్రౌజర్లోనే నడుస్తుంది, నేనూ వాడతాను. కానీ ఎనిమిదో తరగతి పిల్లాడికి మూత తీసి "ఇదిగో ప్రాసెసర్, ఇదిగో 32 కేబీ మెమరీ, నువ్వు కొట్టిన అక్షరం ఇందులోకెళ్ళింది" అని వేలుపెట్టి చూపించడానికి ఎమ్యులేటర్ పనికొస్తుందా? మీ ఫోన్ విప్పి చూపించండి చూద్దాం.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మానిటర్ దొరికింది కదాని వెంటనే స్విచ్చెయ్యకండి. పవర్ సప్లైలో ఉండే రిఫా కెపాసిటర్లు పగుళ్ళిచ్చి తేమ పీలుస్తాయి. మన గోదారి గాలి సంగతి చెప్పాలా! స్విచ్చెయ్యగానే ఢాం అని గదంతా పొగ. చూసినవాళ్ళు మిషను పోయిందనుకుంటారు, నిజానికి చాలాసార్లు పోయేది ఆ కెపాసిటర్ ఒక్కటే. తెలిసినవాళ్ళ చేత ముందే మార్పించాలి.

హెడ్మాస్టారికి ఫోన్ చేసి నెలాఖరు దాకా కాటా ఆపమన్నాను, సరేనన్నారు. బీఎన్‌సీ ముక్క, కెపాసిటర్లు కొన్నాను. అమలాపురం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత డబ్బా టీవీ ఉంటే చెప్పండి, వచ్చి పట్టుకెళ్తాను.