జనాన్ని లెక్కపెట్టాడు, జనం గొంతుకు జడిశాడు

స్పెయిన్ రాయబారి హోసే మొన్యీనో 1772లో రోమ్‌లో అడుగుపెట్టింది ఒకే పని మీద: జెస్యూట్ అనే కాథలిక్ మతగురువుల సంఘాన్ని పోప్ చేత రద్దు చేయించాలి. పోప్ పద్నాలుగో క్లెమెంట్ వాయిదాలు వేస్తూ పోయాడు, మొన్యీనో పట్టు విడవలేదు. 1773 జులైలో రద్దు ఉత్తర్వు వచ్చింది. సంతోషించిన మూడో చార్లెస్ రాజు ఆయనను ఫ్లోరిడాబ్లాంకా కౌంట్‌ను చేశాడు, 1777లో ప్రధాన మంత్రి బాధ్యత అప్పగించాడు. మూర్సియా పట్టణంలో నోటరీ కొడుకుగా పుట్టి, వకీలుగా పైకొచ్చిన మనిషికి ఆ రోజుల్లో అది మామూలు మాట కాదు.

చరిత్ర పుస్తకాలు ఆయన యుద్ధతంత్రాన్నే ఎక్కువ చెబుతాయి. ఫ్రాన్స్‌తో చేయి కలిపి 1779లో బ్రిటన్ మీదికి వెళ్లాడు. 1783 సంధిలో మెనోర్కా, ఫ్లోరిడా స్పెయిన్‌కే దక్కాయి. ఏళ్ల తరబడి ముట్టడించినా జిబ్రాల్టర్ మాత్రం చిక్కలేదు.

ఆయన గొప్పతనం ఈ గెలుపోటముల్లో లేదు. అదే 1783లో వెలువడిన రాజశాసనం చూడండి. కమ్మరి, వడ్రంగి, దర్జీ, చెప్పులు కుట్టేవాడు చేసేవి గౌరవప్రదమైన వృత్తులనీ, వాటివల్ల ఇంటి పరువు పోదనీ, పురపాలక పదవులకు ఆ వృత్తులు అడ్డు కావనీ అది ప్రకటించింది. చేతిపనిని తక్కువగా చూసే కులీనుల సమాజంలో ఆ మాట రాజముద్రతో రావడం చిన్న విషయమా? శాసనంతోనే జనం మనసులు మారిపోలేదు, నిజమే. అయినా చిన్నచూపు చూడటానికి చట్టం అండ లేకుండా పోయింది.

1787లో ఆయన చేయించిన జనాభా లెక్కలు మరో మెట్టు. వయసు, ఆడామగా, పెళ్లి, వృత్తి వారీగా కోటికి పైగా మనుషులను నమోదు చేశారు. యూరప్‌లో తొలి ఆధునిక జనగణనల్లో దానికి చోటుంది. చరిత్రకారులు నేటికీ దాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

ఇంత చేసినవాడు 1789లో పారిస్ భగ్గుమనగానే బెదిరిపోయాడు. ఫ్రెంచి విప్లవ వార్తలు సరిహద్దు దాటకుండా కాపలా పెట్టించాడు. 1791 ఫిబ్రవరిలో అధికారికం కాని పత్రికల నోరు దాదాపు పూర్తిగా నొక్కేశాడు. ఆయన జీవితంలో క్షమించలేని పని ఇదే. ఎందుకంటే ఆ పత్రికల్లో చాలావరకు ఆయన కోరిన సంస్కరణలకే ప్రచారం చేసినవి. సంస్కరణ రాజు చేతి మీదుగానే రావాలి, ప్రజలు అడిగి తీసుకోకూడదన్నది ఆయన నమ్మకం. అదే ఆయన పనికి గోడైంది.

1792లో పదవి పోయింది, పాంప్లోనా కోటలో ఖైదు ప్రాప్తించింది. 1808లో నెపోలియన్ సేనలపై ఊరూరా జనం తిరగబడి స్థానిక మండళ్లు కట్టుకున్నారు. వాటి ప్రతినిధులతో ఏర్పడిన కేంద్ర మండలికి అధ్యక్షుడిగా అప్పటికి ఖైదు నుంచి విడుదలై, ఎనభై ఏళ్లకు చేరువలో ఉన్న ఫ్లోరిడాబ్లాంకానే పిలిచారు. అప్పుడు కూడా ఆయన మొగ్గు పాత పద్ధతికే. ఆ డిసెంబరు 30న సెవిల్లెలో కన్నుమూశాడు. రెండేళ్లు తిరక్కముందే, 1810 నవంబరులో, కాడిస్ దగ్గర సమావేశమైన పార్లమెంటు రాజకీయ రచనలకు ముద్రణ స్వేచ్ఛ ఇస్తూ చట్టం చేసింది.