గాజుతొట్టిలోని మంద

మన తాండవ ఆయకట్టు గ్రామములలో సైతము కొన్ని యిండ్ల వసారాలలో రంగుచేపల గాజుపాత్రలు కనబడుచున్నవి. పిల్లలు కోరుదురు, తండ్రి పట్టణము పోయినపుడు రెండు చేపలను నీటిసంచిలో తెచ్చును. ఈ ముచ్చటను మేము నిరసింపము. రెండు మాత్రమే తెచ్చుటను నిరసింతుము.

ఆ తప్పు మొదట చేసినవారము మేమే. నీలిచారతో మెఱయు నియాన్ టెట్రాలను రెంటిని కొని, గుండ్రని పాత్రలో విడిచితిమి. అవి అడుగున నక్కి, రంగు వెలిసి, అయిదవనాటికి చచ్చినవి. అంగడివానిని నిందించితిమి గాని దోషము మాదే.

ఇవి మందగా బ్రతుకు జాతులు. ప్రక్కచేప కదలికను దేహమునకు ఇరుప్రక్కల నుండు పార్శ్వరేఖచే గ్రహించి, ఒక్కటిగా మఱలును. మంద తప్పిన గొఱ్ఱె మేత మఱచునట్లే ఒంటిచేప బెదరి కృశించును. కావున ఆఱింటికి తక్కువ తేరాదు, పది మేలు. తొట్టి అఱువది లీటర్లు పట్టునదై, రెండడుగుల పొడవుండవలెను. ఈదుటకు పొడవు కావలెను గాని యెత్తు కాదు.

ఇక నీరు. చేప విసర్జించు అమోనియా దానికే విషము. పొలమున వేసిన అమ్మోనియం సల్ఫేటును నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చుట సభ్యు లెఱిగినదే. అట్టి జీవులే తొట్టి యిసుకయందును, వడపోత స్పంజియందును నెలకొని, అమోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చును. ఇందులకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు చేపలు లేకయే గాలిపంపు నడపి, దినమును చిటికెడు మేత వేయుచుండుడు. ఆరోగ్యమైన పాత తొట్టిలోని స్పంజి దొరకినచో పాలకు తోడువలె పనిచేయును. పిదప వారమునకు నాలుగవ వంతు నీరు మార్చిన చాలును. బ్లీచింగు కలిసిన కుళాయినీటిని ఒక దినము నిలువయుంచి పోయవలెను. మేత రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే. మిగిలిన మేత కుళ్లి నీటిని చెఱచును.

ఏ చేప? నియాన్ టెట్రా అమెజాను నదీప్రాంతపుది, మెత్తని నీరు కోరును. మన బోరునీరు పలుచోట్ల కఠినము. మేము జీబ్రా డేనియోనే మెచ్చుదుము. అది మన దేశపు చేప, వాగులలోను వరిమళ్లలోను తిరుగునది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథమున దీనిని వర్ణించెను. ఇప్పుడు ప్రపంచమంతటను ప్రయోగశాలలలో దీనిని పెంచుచున్నారు. అంగుళమున్నర చేపకు ఇంత గౌరవమా యని మాకు నవ్వు వచ్చును. ఎగిరి దూకు గుణము కలది గనుక తొట్టికి మూత తప్పదు.

మాకు మిక్కిలి భయము కలిగించునది వేఱొకటి. ముచ్చట తీరినవారు చేపలను కాలువలో వదలుదురు, అది పుణ్యమనియు తలంతురు. తొట్టి పాచిని తినునని దక్షిణ అమెరికానుండి తెచ్చిన చేపయే నేడు మన రాష్ట్రపు నదులలోను చెఱువులలోను చేరి, ముండ్లతో వలలను చించుచున్నది. మత్స్యకారులు దానిని దెయ్యపుచేప యందురు. అది తాండవ జలాశయమున పెరిగినచో నష్టపడువారు మన పొరుగువారే. వలదనుకొన్న చేపలను మఱియొక పెంపకందారునకిండు, లేదా కొన్న అంగడికే చేర్చుడు. మార్చిన నీటిలో గ్రుడ్లుండవచ్చును గనుక దానినిసైతము కాలువలో పాఱబోయక, అరటిమొదట పోయుడు. అందలి నైట్రేటు చెట్టుకు ఎరువగును.