భరణం వాయిదాల్లో నలగొద్దు, మధ్యవర్తి ముందు తేలాలి!



విడాకులతో కాపురం ముగుస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, మందుల ఖర్చు ముగియవు. ఎవరు ఎంత ఇవ్వాలో తేలడానికే ఏళ్లు పడుతోంది. ఆయన జీతం తగ్గించి చూపిస్తాడు, ఆమె ఖర్చులు పెంచి చెబుతుంది. నోటీసు అందలేదని ఒక వాయిదా, లాయరు రాలేదని ఇంకో వాయిదా. ఉత్తర్వు వచ్చాక వసూలుకు మళ్లీ పిటిషన్. పిల్లల మీద పెట్టాల్సిన డబ్బు కోర్టు ఖర్చులకు పోతోంది.

దారి చట్టంలోనే ఉంది. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు విధి అని 1984 నాటి చట్టం చెబుతోంది. ఇలాంటి తగాదాలను మధ్యవర్తిత్వంతో తేల్చడానికి గట్టిగా ప్రయత్నించాలని 2013లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన విడాకుల కేసులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

"మళ్లీ పెద్దమనుషుల పంచాయితీయేనా?" అని అడిగేవారున్నారు. కాదు. మధ్యవర్తి తీర్పు చెప్పరు, సర్దుకుపొమ్మనరు. ఇద్దరితో కలిపీ విడివిడిగానూ మాట్లాడతారు. అక్కడ అన్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. నచ్చకపోతే సంతకం పెట్టక్కర్లేదు, కేసు యథాతథంగా నడుస్తుంది. కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ ఇస్తే, మాట తప్పినవారి నుంచి వసూలు చేసుకోవచ్చు.

భరణం ఉత్తర్వులో సాధారణంగా ఉండేది నెలకు ఇంత అనే అంకె. ఒప్పందంలో సంసారం లెక్కంతా రాసుకోవచ్చు: ఏ తేదీలోగా ఖాతాలో వేయాలి, ఏటా ఎంత పెంచాలి, జూన్‌లో స్కూలు ఫీజు ఎవరు కట్టాలి, పుట్టింటివారు పెట్టిన నగలు ఎప్పుడు తిరిగివ్వాలి, పాత బకాయి ఎన్ని విడతల్లో తీర్చాలి, ఉద్యోగం పోతే ఏం చేయాలి. తాను ఒప్పుకుని రాసుకున్నదాన్ని ఎగ్గొట్టడానికి మనిషికి అంత తేలిగ్గా మనసొప్పదు.

అయితే బలహీనుల మెడలు వంచే రాజీ మాకు వద్దు. అందుకే మా డిమాండ్లు ఇవి:

1. ముందు మధ్యంతర భరణం ఇప్పించాలి. ఇంట్లో బియ్యం నిండుకున్న మనిషి ఎంత తక్కువకైనా సంతకం పెడుతుంది.
2. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్లు మధ్యవర్తి ముందు కూర్చునేలోగా దాఖలు కావాలి. భరణం కేసుల్లో ఇవి తప్పనిసరని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది.
3. మధ్యవర్తిత్వానికి గడువు పెట్టాలి. అది మరో వాయిదాల పద్దు కాకూడదు.
4. కొట్టి, బెదిరించిన చరిత్ర ఉన్నచోట ఆమెను అతని ఎదుట కూర్చోబెట్టకూడదు. ఆమె వద్దంటే అక్కడితో ఆపాలి.
5. జిల్లా కేంద్రాల్లోనే కాదు, భరణం కేసులు నడిచే ప్రతి కోర్టు ఊళ్లోనూ శిక్షణ పొందిన మధ్యవర్తులుండాలి.

అమ్మా, ఆదాయం ఎంతున్నా స్త్రీలకు ఉచితంగా లాయరును పెట్టించుకునే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే మధ్యవర్తిత్వం అడగవచ్చు. అన్నా, ఇవ్వగలిగింది దాచకుండా చెప్పండి, ఇవ్వలేనిది కాగితాలతో చూపండి. పెద్దలారా, పంతాలు మాని పిల్లల వైపు నిలబడండి. లాయర్లారా, మొదటి వాయిదాకే మధ్యవర్తిత్వం కోరుతూ మెమో వేయండి.

భరణం దయాధర్మం కాదు, హక్కు. ఆ హక్కు సకాలంలో చేతికందేలా మధ్యవర్తిత్వాన్ని కోరి సాధిద్దాం!