ఉస్మానియా పాత భవనాన్ని తాళానికి వదిలేయకండి

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులు గారికి,

గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగులకు విశాలమైన చోటు దొరుకుతుంది, సంతోషం. నా బెంగంతా అఫ్జల్‌గంజ్‌లో ఉండిపోయే పాత భవనం గురించే. 2020 జూలైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాక దాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు.

ఒక మే నెలలో మా అమ్మకు ఆ భవనంలోనే వైద్యం జరిగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా, అంతెత్తు పైకప్పు కింద, మందపాటి గోడల మధ్య ఆమె మధ్యాహ్నం కూడా కునుకు తీసేది. ఆ చల్లదనం ఆ ఎత్తైన కప్పుది, ఆ మందపాటి సున్నపు గోడలది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, లోపల సున్నం గుల్లబారి పెచ్చులూడుతుంది. దయచేసి మరమ్మతు డంగుసున్నంతోనే, ఆ పని తెలిసిన మేస్త్రీలతోనే చేయించండి. మోజంజాహీ మార్కెట్‌ను బాగుచేసుకున్న ఊరికి ఇది చేతకాని పని కాదు.

ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఆ వరద తర్వాతే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పర్యవేక్షణలో ఈ ఆసుపత్రి లేచింది. అంతకుముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనే, 1888, 1889లలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ మత్తుమందు క్లోరోఫాంపై పరీక్షలు నడిపారు. ఆయన దగ్గర పనిచేసిన మత్తు వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ పేరు మన వైద్య విద్యార్థుల్లో ఎందరు విన్నారు? ఈ కథ చెప్పే మ్యూజియానికి ఇంతకంటే తగిన చోటు లేదు. అయితే కింది అంతస్తులో చిన్న ఓపీ అయినా ఉంచండి. పేదవాడి కోసం కట్టిన గుమ్మం అది, టికెట్ కొన్నవాళ్లకే తెరుచుకోకూడదు. హోటలుకు మాత్రం ఇవ్వనే వద్దు.

పాత భవనాన్ని కూల్చకుండా కోర్టు ఆపగలదు: 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కానీ పైకప్పు కారడాన్ని కోర్టు ఆపలేదు, అది మీ శాఖ చేయాల్సిన పని.

పెద్ద పనులకు ఫైళ్లు, టెండర్లు తప్పవు, తెలుసు. ఈ వానలకు ముందే ఇద్దరు కూలీలను గుమ్మటాల మీదికి పంపి, పగుళ్లలో మొలిచిన రావి మొక్కలుంటే వేళ్లతో సహా పీకించండి. దానికి టెండరు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక హైదరాబాద్ వాసి