జెండా మారింది, జైలు మారలేదు

కెన్యా రాజధాని నైరోబీ దగ్గర కమిటి అనే జైలున్నది. మౌ మౌ పోరాట నాయకుడు దెదాన్ కిమాతిని 1957 ఫిబ్రవరిలో తెల్లదొరలు ఉరితీసింది అక్కడనే. ఇరవై ఏండ్ల తర్వాత రచయిత గూగీ వా థియాంగోను బంధించిందీ అక్కడనే. అయితే అప్పటికి తాళంచెవి స్వతంత్ర కెన్యా సర్కారు చేతికొచ్చింది. ఆ సర్కారుకు పెద్ద జోమో కెన్యాట్టా. తెల్లోళ్ల నిర్బంధంలో ఏండ్లకేండ్లు మగ్గినవాడే!

ఇంతకూ గూగీ చేసిన నేరమేంది? 1977లో ఆయన ఇంగ్లీషు నవల ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత గద్దెనెక్కినోళ్ల దోపిడీని నిలదీసిన నవల అది. అయినా సర్కారు ఏమనలేదు. ఆవిష్కరించింది సాక్షాత్తు ఆర్థిక మంత్రే. అదే ఏడాది కమిరీథు ఊర్లో రైతులు, కూలీలతో కలిసి వాళ్ల గికుయు భాషలో నాటకం ఆడించిండు. కొన్ని వారాలకే లైసెన్సు రద్దయింది. డిసెంబర్ ఆఖరున అరెస్టు చేసిండ్రు. కేసు లేదు, కోర్టు లేదు, ఎన్నేండ్లు ఉంచుతరో చెప్పినోడు లేడు. పేరు పోయి ‘కె6,77’ అనే నంబరు మిగిలింది.

పాలకుల భయమేందో ఇక్కడ తెలుస్తున్నది. చదువుకున్న నలుగురు ఇంగ్లీషులో తిట్టుకుంటే వాళ్లకు నష్టం లేదు. అదే మాట కూలోని నోట, కూలోని భాషలో వస్తేనే కుర్చీ కదులుతది. గూగీ కూడా అది గ్రహించిండు. జైల్లో ఇచ్చే టాయిలెట్ కాగితం మీదనే గికుయులో నవల రాసిండు. అదే ‘డెవిల్ ఆన్ ది క్రాస్’. 1978 డిసెంబర్‌లో విడుదలైనా యూనివర్సిటీ ఉద్యోగం తిరిగివ్వలేదు. 1982లో ఊరోళ్లు కట్టుకున్న నాటకశాలను నేలమట్టం చేసిండ్రు.

1981లో వచ్చిన జైలు డైరీ ‘డిటెయిన్డ్’లో గూగీ అసలు గుట్టు విప్పిండు. విచారణ లేని నిర్బంధం తెల్లోళ్లు నాటిన చెట్టు. నల్లదొరలు దాన్ని నరకలేదు, నీళ్లు పోసి పెంచిండ్రు.

ఇది ఆఫ్రికా ముచ్చటేనా? 1919లో రౌలట్ చట్టం మీద దేశమంతా లేచింది. రాజ్యాంగం అమలైన 1950లోనే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. ఆ నిర్బంధానికి 22వ అధికరణమే వీలిచ్చింది. అందుకే గూగీ మనకు పరాయివాడు కాలేదు. ఆయన జైలు పుస్తకాలను తెలుగులోకి తెచ్చిన వరవరరావు కూడా జైలు పక్షే. తర్వాత ఆయన జైలు రాతలు ఇంగ్లీషులో వస్తే గూగీయే ముందుమాట రాసిండు.

2025 మే నెలలో గూగీ కన్నుమూసిండు. ఆయనకు నివాళి పట్టే విద్యార్థులకు, ఉద్యోగులకు మేము చెప్పేది ఒక్కటే. గద్దె మీద మనోడు కూసున్నడా అని మురిసి ఆగిపోవద్దు. మనోడి చేతిలో ఉన్న చట్టం ఎవరిదో కూడా అడగాలె. ఆ ప్రశ్న మన మాటలోనే, నలుగురు వినేటట్టు అడగాలె.